పీడితుల రక్షణకు పరాయి సైన్యం: పాశ్చాత్య, ఇస్లామీయ దృక్పథాలు

ఒక పాలకుడు తన ప్రజలనే పీడిస్తున్నాడు. వారిని కాపాడగల శక్తి పొరుగు రాజ్యానికి ఉన్నది. ఆ రాజ్యం సైన్యంతో సరిహద్దు దాటవచ్చునా? దాటితే ఎవరి అనుమతితో దాటాలి? ఎంతవరకు వెళ్ళాలి? ఎప్పుడు వెనుదిరగాలి? బోస్నియా, సోమాలియా, కొసొవో, లిబియాల విషయంలో ప్రపంచమంతా చర్చించిన ప్రశ్నలివి. వీటికి పాశ్చాత్య న్యాయశాస్త్రం ఒక విధంగా, ఇస్లామీయ ధర్మశాస్త్రం మరొక విధంగా సమాధానం వెతికాయి. రెండింటి మధ్య పోలికలూ ఉన్నాయి, మౌలికమైన తేడాలూ ఉన్నాయి.

ఇవి దూరదేశాల సంగతులని అనుకోనవసరం లేదు. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల గడ్డపై సుమారు రెండు శతాబ్దాల క్రితమే ఈ ప్రశ్న ఎదురైనది. చర్చను అక్కడి నుండి ప్రారంభించడం ఉచితం.

కందనూరు నవాబు, కంపెనీ సైన్యం

1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించినప్పుడు కందనూరు, అనగా కర్నూలు, నవాబు తన సంస్థానాన్ని నిలుపుకున్నాడు. ఏటా లక్ష రూపాయల పేష్కష్ మాత్రం నిజాముకు బదులు కంపెనీకి చెల్లించవలసి వచ్చింది. నంద్యాల ఆ నవాబు ఏలుబడిలోనిదే. చివరి నవాబు గులాం రసూల్ ఖాన్ 1823లో గద్దెనెక్కాడు.

ఆయన పాలన ప్రజలకు సుఖం కలిగించిందని చెప్పడానికి వీలులేదు. 1830లో మద్రాసు నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య అహోబిలం, మహానంది, శ్రీశైలం మీదుగా ప్రయాణించాడు. నవాబు తరఫున యాత్రికుల నుండి సుంకాలు వసూలు చేయడాన్ని, క్షేత్రాల బాగోగులను పట్టించుకోకపోవడాన్ని తన ‘కాశీయాత్ర చరిత్ర’లో రాసిపెట్టాడు. అయితే అదే కాలంలో తిరుమల దేవస్థానపు మిగులు ఆదాయం కంపెనీ ఖజానాకు చేరేదన్న సంగతి కూడా మరువరాదు.

1839లో కంపెనీ సైన్యం కర్నూలుపైకి వచ్చింది. నవాబు రహస్యంగా ఆయుధాలు కూడబెట్టి కుట్ర పన్నుతున్నాడన్నది ప్రధానమైన ఆరోపణ. అదే సంవత్సరం హైదరాబాదులో నిజాం సోదరుడు ముబారిజుద్దౌలాను కూడా ఇదే ఆరోపణపై నిర్బంధించారు. కర్నూలు కోటలో పెద్ద ఎత్తున యుద్ధసామగ్రి బయటపడింది. జొహరాపురం వద్ద పోరు జరిగింది. పట్టుబడిన నవాబును తిరుచినాపల్లికి తరలించారు. 1840లో ఆయన అక్కడే హత్యకు గురయ్యాడు. తరువాత ఆంగ్లేయులు రాసిన జిల్లా గ్రంథాలు నవాబుల ఏలుబడిని దుష్పరిపాలనగా చిత్రించి, జరిగిన దానికి ఒక నైతిక సమర్థన కూడా సమకూర్చాయి.

ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. నవాబును తొలగించిన తరువాత కంపెనీ వెనుదిరగలేదు. ఆ వంశంలో మరొకరిని యోగ్యుడని ఎంచి గద్దెపై కూర్చోబెట్టనూ లేదు. సంస్థానాన్నే కలుపుకున్నది. 1858 నాటికి కర్నూలు జిల్లా ఏర్పడింది. కంపెనీ పాలన ప్రజలకు ఊరట కలిగించిందా అంటే, ఆళ్ళగడ్డకు సమీపంలోని కోవెలకుంట్ల ప్రాంతం చెప్పే సమాధానం వేరు. 1800 నుండి నేరుగా కంపెనీ కిందనే ఉన్న ఆ ప్రాంతంలో 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి నాయకత్వాన తిరుగుబాటు లేచింది. 1847 ఫిబ్రవరిలో ఆయనను కోవెలకుంట్లలో ఉరితీశారు.

పాలకుని దోషం నిజం కావచ్చును. అంతమాత్రాన వచ్చిన సైన్యం ప్రజల కొరకే వచ్చిందని రుజువు కాదు. ఈ రెండు మాటలనూ కలిపి చూడగలిగితేనే విషయం బోధపడుతుంది.

పాశ్చాత్య చింతన నడిచిన దారి

అన్యాయానికి గురైన వారి కొరకు యుద్ధం చేయవచ్చుననే భావన ఐరోపాలో పాతదే. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ ధర్మయుద్ధానికి మూడు నియమాలు చెప్పాడు: అధికారం గల పాలకుని ఆజ్ఞ, న్యాయమైన కారణం, సదుద్దేశం. 16వ శతాబ్దంలో స్పెయిన్ పండితుడు విటోరియా, నిర్దోషులను రక్షించడం కొరకు అమెరికా ఆదివాసుల రాజ్యాల్లో బలప్రయోగం చేయవచ్చునన్నాడు. 1625లో హాలండుకు చెందిన గ్రోషియస్, దుస్సహమైన దౌర్జన్యానికి గురవుతున్న పరదేశ ప్రజల పక్షాన మరొక రాజు ఆయుధం పట్టవచ్చునని రాశాడు. దీన్ని దురాశకు ముసుగుగా వాడుకుంటారన్న సంగతి కూడా ఆయన ఎరుగును.

1648 వెస్ట్‌ఫేలియా సంధుల తరువాత మరొక సూత్రం క్రమంగా బలపడింది. ప్రతి రాజ్యమూ తన సరిహద్దులలో సర్వాధికారి. ఇతరులు జోక్యం చేసుకోరాదు. నాటి నుండి నేటి వరకు పాశ్చాత్య చింతన ఈ రెండు సూత్రాల మధ్యనే ఊగిసలాడుతున్నది. ఒక వైపు మానవత, మరొక వైపు సార్వభౌమత్వం.

అయితే 19వ శతాబ్దంలో ఈ సార్వభౌమత్వం ఐరోపా దేశాలకే పరిమితమైనది. 1823 నుండి 1858 వరకు ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న జాన్ స్టూవర్ట్ మిల్, 1859లో జోక్యరాహిత్యంపై ఒక వ్యాసం రాశాడు. స్వేచ్ఛ కొరకు పోరాడే ప్రజలు తమ స్వశక్తితోనే దాన్ని సాధించుకోవాలని అందులో వాదించాడు. కాని ఆ నియమం ‘నాగరిక’ జాతుల మధ్యనే వర్తిస్తుందని మినహాయింపు పెట్టి, దుష్పరిపాలన పేరిట 1856లో జరిగిన అవధ్ ఆక్రమణను సమర్థించాడు. కర్నూలు నవాబుకు జరిగినదాని వెనుక ఉన్న తర్కం కూడా ఇదే కోవకు చెందినది.

1945 నాటి ఐక్యరాజ్య సమితి నియమావళి ఈ పరిస్థితిని మార్చింది. ఆత్మరక్షణకు, భద్రతామండలి అనుమతించిన చర్యకు తప్ప బలప్రయోగం నిషిద్ధమైనది. ఈ నిషేధం చిన్న దేశాలకు కొంత రక్షణ. కాని మండలిలో ఐదు దేశాలకు వీటో అధికారం ఉన్నది. కనుక ఏ పీడితునికి సహాయం అందాలో, ఎవరికి అందరాదో ఆ ఐదు దేశాల ప్రయోజనాలు నిర్ణయించే పరిస్థితి ఏర్పడింది.

నంద్యాల ప్రతినిధి కాలంలో

1991 నవంబరులో జరిగిన ఉప ఎన్నికలో నంద్యాల నియోజకవర్గం ప్రధానమంత్రి పి.వి. నరసింహారావును లోక్‌సభకు పంపింది. ఆళ్ళగడ్డ కూడా ఆ నియోజకవర్గంలోనిదే. 1991, 1992 సంవత్సరాల్లో భారతదేశం భద్రతామండలిలో సభ్యదేశం. కనుక ఈ సమస్య ఆయన ప్రభుత్వం ఎదుటికి వచ్చింది.

1992 ఆగస్టులో, బోస్నియాకు సహాయ సామగ్రి చేర్చడానికి అవసరమైన అన్ని చర్యలూ తీసుకోవచ్చునన్న 770వ తీర్మానంపై భారత్, చైనా, జింబాబ్వేలు ఓటు వేయలేదు. సైనికచర్య ఐక్యరాజ్య సమితి ఆధీనంలో నడవాలన్నది భారత్ వాదన. అదే సంవత్సరం డిసెంబరులో, కరువుతోను అంతర్యుద్ధంతోను అల్లాడుతున్న సోమాలియా విషయమై వచ్చిన 794వ తీర్మానానికి మాత్రం భారత్‌తో సహా అందరూ ఓటు వేశారు. తరువాత భారత సైనిక దళం సమితి పతాకం కింద సోమాలియాలో పనిచేసింది.

బోస్నియా ముస్లింలకు ఏమి దక్కింది? యుగోస్లావియా అంతటికీ 1991లో విధించిన ఆయుధ నిషేధం, ఆయుధాలున్న వారికి కాక లేని వారికి శిక్షగా పరిణమించింది. దాన్ని ఎత్తివేయాలని ఇస్లామీయ దేశాల సంస్థ కోరింది. సమితి స్వయంగా ‘సురక్షిత ప్రాంతం’గా ప్రకటించిన స్రెబ్రెనిట్సాలో, 1995 జూలైలో 8,000కు పైగా ముస్లిం పురుషులను, బాలురను వధించారు. జోక్యం చేసుకుంటే కలిగే కీడు ఒకటైతే, చేసుకోకపోతే కలిగే కీడు ఇది.

1999లో కొసొవో కొరకు నాటో కూటమి మండలి అనుమతి లేకుండానే 78 రోజులు బాంబుదాడులు జరిపింది. ఈ వివాదం నుండి పుట్టినదే ‘రక్షణ బాధ్యత’ సిద్ధాంతం. 2001లో దీన్ని ప్రతిపాదించిన సంఘానికి ఇద్దరు అధ్యక్షులు: ఆస్ట్రేలియాకు చెందిన గారెత్ ఎవన్స్, అల్జీరియా దౌత్యవేత్త ముహమ్మద్ సహ్నూన్. సార్వభౌమత్వమంటే అధికారం మాత్రమే కాదు, ప్రజలను రక్షించే బాధ్యత అన్నది దాని సారాంశం. 2005లో ప్రపంచ దేశాల శిఖరాగ్ర సభ దీన్ని ఆమోదించింది. 2011 మార్చిలో లిబియా విషయమై మండలి చేసిన 1973వ తీర్మానం ఈ సిద్ధాంతానికి పరీక్ష అయినది. అరబ్ లీగ్ కూడా గగనతల నిషేధాన్ని కోరింది. భారత్ సహా ఐదు దేశాలు ఓటింగుకు దూరంగా ఉన్నాయి. పౌరుల రక్షణ కొరకు మొదలైన చర్య ప్రభుత్వ పతనంతో ముగిసింది. ఆ తరువాత దేశం సాయుధ ముఠాల పాలైనది.

ఇస్లాం చెప్పేది

ఇస్లామీయ దృక్పథానికి మూలం సూరా అన్నిసాలోని 75వ ఆయతు. దౌర్జన్యపరుల పట్టణం నుండి తమను బయటపడవేయుమని, తమకొక రక్షకుణ్ణి పంపుమని అల్లాహ్‌ను వేడుకునే నిస్సహాయులైన స్త్రీపురుషుల, పిల్లల కొరకు పోరాడకుండా విశ్వాసులు ఎందుకు ఉండిపోయారని ఆ ఆయతు నిలదీస్తుంది. అనగా పీడితుల రక్షణ ఇస్లాంలో ఐచ్ఛికమైన దయ కాదు, బాధ్యత. సూరా అల్‌హజ్ 40వ ఆయతు మస్జిదులతో పాటు మఠాలను, చర్చీలను, యూదుల ప్రార్థనాలయాలను కూడా కాపాడవలసిన వాటిలో పేర్కొన్నది. కనుక ఈ బాధ్యత ముస్లింలకే పరిమితం కాదు.

దైవప్రవక్త (స) జీవితం దీనికి సాక్ష్యం. ప్రవక్త పదవికి పూర్వమే, యువకుడిగా ఉన్నప్పుడు ఆయన ‘హిల్ఫుల్ ఫుజూల్’ ఒప్పందంలో పాల్గొన్నారు. మక్కా ప్రముఖుడొకడు యెమెన్ వర్తకుని సరుకు తీసుకుని సొమ్ము ఎగవేసినందువల్ల, పీడితుడు ఎవరైనా అతని పక్షాన నిలబడాలని కొందరు అబ్దుల్లా బిన్ జుద్ఆన్ ఇంట ప్రతిన పూనారు. ఇస్లాం వచ్చిన తరువాత కూడా అటువంటి ఒప్పందానికి పిలిస్తే తాను వస్తానని దైవప్రవక్త (స) చెప్పారు.

అయితే ఇస్లాం ఈ బాధ్యతను హద్దులు లేకుండా వదలలేదు. మూడు హద్దులు స్పష్టంగా కనిపిస్తాయి.

మొదటిది ఒప్పందం. సూరా అల్‌అన్‌ఫాల్ 72వ ఆయతు ప్రకారం, ధర్మం విషయంలో సహాయం కోరిన వారికి సహాయపడడం విధి; కాని ముస్లింలతో ఒప్పందం ఉన్న జాతికి వ్యతిరేకంగా కాదు. హుదైబియా ఒప్పందం కుదురుతున్న సమయంలోనే అబూజందల్ (రజి) సంకెళ్ళతో వచ్చి శరణు కోరారు. దైవప్రవక్త (స) ఓర్పు వహించమని చెప్పి, మాట ప్రకారం ఆయనను తిప్పి పంపారు. సహాబాల హృదయాలను కలచివేసిన ఘట్టమది. తరువాత ఖురైషుల అండతో బనూబక్ర్ తెగ, ముస్లింల మిత్రులైన ఖుజాఆ తెగపై దాడిచేసి ఒప్పందాన్ని భగ్నం చేసింది. అప్పుడే హిజ్రీ 8వ సంవత్సరంలో మక్కాపై సైన్యం కదిలింది. బలం ఎక్కువైనదన్న కారణంగా ఒక జాతి తన ప్రమాణాలను మోసానికి సాధనం చేసుకోరాదని సూరా అన్‌నహ్ల్ 92వ ఆయతు హెచ్చరిస్తుంది.

రెండవది సాధనం. సూరా అల్‌బఖర 190వ ఆయతు హద్దు మీరడాన్ని నిషేధించింది. హజ్రత్ అబూబక్ర్ (రజి) తన సేనలకు స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపరాదని, ఫలవృక్షాలను నరకరాదని ఆదేశించారు. హజ్రత్ అలీ (రజి) జమల్ యుద్ధంలో పారిపోయేవారిని తరుమరాదని, గాయపడినవారిని చంపరాదని, ఓడినవారి ఆస్తిని దోచుకోరాదని నిర్దేశించారు. ధర్మశాస్త్రవేత్తలు తిరుగుబాటుదారులకు సంబంధించిన నియమాలను ఈ నమూనా పైనే రూపొందించారు.

మూడవది ముగింపు. సూరా అల్‌హుజురాత్ 9వ ఆయతు ఇద్దరు విశ్వాస వర్గాల పోరు గురించి చెబుతుంది. ముందు సంధి చేయాలి. ఒక వర్గం దౌర్జన్యానికి దిగితే, అది అల్లాహ్ ఆజ్ఞవైపు మరలేవరకు దానితో పోరాడాలి. మరలిన వెంటనే న్యాయంతో సంధి కుదర్చాలి. పోరాటానికి లక్ష్యం దౌర్జన్యాన్ని ఆపడం. దౌర్జన్యపరుని భూమిని పొందడం కాదు. పరలోక గృహం భూమిపై ఆధిక్యాన్ని కోరని వారిదేనని సూరా అల్‌ఖసస్ 83వ ఆయతు తెలుపుతుంది. రాజులు ఒక పట్టణంలో ప్రవేశిస్తే దాన్ని పాడుచేసి, అక్కడి గౌరవనీయులను హీనులుగా చేస్తారన్న సబా రాణి మాటను సూరా అన్‌నమ్ల్ ప్రస్తావించింది. కందనూరు చరిత్ర ఎరిగిన వారికి ఆ మాటకు వ్యాఖ్యానం అవసరం లేదు.

ఇక అధికారం సంగతి. యుద్ధ నిర్ణయం పాలకునిదేనని ధర్మశాస్త్రవేత్తల సాధారణ అభిప్రాయం. ఏ వ్యక్తికిగాని ముఠాకుగాని పీడితుల పేరుతో యుద్ధం ప్రకటించే హక్కు లేదు. నేటి ముస్లిం దేశాలు ఐక్యరాజ్య సమితి నియమావళిపై సంతకం చేసినవే. చేసిన ఒప్పందాన్ని నెరవేర్చడం ఖుర్‌ఆన్ ఆజ్ఞ కనుక, ఆ నియమావళి వాటికి ధార్మికంగా కూడా కట్టుబాటే. దానిలోని లోపాలను సరిదిద్దడానికి కృషి చేయాలి తప్ప దాన్ని భంగపరచరాదు.

కొలబద్ద అందరికీ ఒకటే

ఈ మూడు హద్దులను ఇతరులకే వర్తింపజేసి, తమవారిని విడిచిపెట్టడం న్యాయం కాదు. ఒక జాతిపై ద్వేషం న్యాయం నుండి తప్పించరాదని సూరా అల్‌మాయిదా 8వ ఆయతు చెబుతున్నది; స్వజాతిపై ప్రేమ కూడా తప్పించరాదని సూరా అన్నిసా 135వ ఆయతు చెబుతున్నది. సముద్రపు దొంగలు బంధించిన ముస్లిం స్త్రీలను విడిపించడం 8వ శతాబ్దంలో ముహమ్మద్ బిన్ ఖాసిం సింధు దండయాత్రకు కారణమని చరిత్రకారులు రాశారు. చివరకు సింధు ఉమయ్యద్ సామ్రాజ్యంలో భాగమైనది. మూడవ హద్దు ప్రకారం ఇది కూడా ప్రశ్నించవలసిన విషయమే.

1971లో తూర్పు బెంగాలులో ముస్లిం సైన్యమే ముస్లిం ప్రజలను పీడించినప్పుడు, సుమారు కోటి మంది శరణార్థులు భారతదేశానికి తరలివచ్చారు. ముస్లిం దేశాలలో అత్యధికం అల్‌హుజురాత్ ఆయతును ఆచరణలో పెట్టలేదు. జోక్యం చేసుకున్నది భారతదేశం. దాని ఉద్దేశాలపై భిన్నాభిప్రాయాలు ఉండవచ్చును. సమితి సాధారణ సభలో 104 దేశాలు యుద్ధ విరమణ కోరాయి. కాని 1972 మార్చి నాటికి భారత సైన్యం బంగ్లాదేశ్ నుండి వైదొలగింది. మూడవ హద్దు దృష్ట్యా ఈ అంశం గమనార్హం.

తెలుగు ముస్లింలకు మరింత సన్నిహితమైన ఉదాహరణ 1948 నాటి హైదరాబాదు. అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉన్న కర్నూలు జిల్లాకు తుంగభద్ర ఆవలి గట్టు నిజాం రాజ్యం. రజాకార్ల దౌర్జన్యాలు నిజం. వాటికి హిందువులే కాదు, వారిని విమర్శించిన ముస్లింలు కూడా బలయ్యారు. ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో హత్యచేశారు. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. హైదరాబాదు స్వతంత్ర రాజ్యం కాదన్నది భారత ప్రభుత్వ వాదన కనుక దీనికి ‘పోలీసు చర్య’ అని పేరు. హైదరాబాదు ఫిర్యాదును భద్రతామండలి పారిస్‌లో చర్చకు తీసుకున్నది గాని, అది తేలకముందే నిజాం లొంగిపోయాడు. ఆ ప్రతినిధివర్గంలో ఉస్మానియా అధ్యాపకుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా ఉన్నారు. ఇస్లామీయ అంతర్జాతీయ న్యాయంపై ప్రామాణిక గ్రంథం రాసిన పండితుడాయన. తరువాత ఆయన పారిస్‌లోనే ఉండిపోయి, 2002లో అమెరికాలో కన్నుమూశారు.

సైనికచర్య ఐదు రోజుల్లో ముగిసింది. దాని వెంట వచ్చిన హింస అంతటితో ముగియలేదు. ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ ప్రభృతుల సంఘం, ఎంత తక్కువగా లెక్కించినా 27,000 నుండి 40,000 మంది వరకు మరణించారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువగా నష్టపోయాయి. ఒకరి దౌర్జన్యాన్ని ఆపడానికి వచ్చిన చర్య నీడలో మరొకరిపై దౌర్జన్యం సాగితే రెండవ హద్దు మీరినట్లే. పొరుగు ముస్లింలను ప్రాణాలొడ్డి కాపాడిన హిందువులు ఉన్నారని కూడా అదే నివేదిక నమోదు చేసింది.

1860లో డమాస్కసులో క్రైస్తవులపై మారణకాండ జరిగింది. అక్కడ ప్రవాసంలో ఉన్న అల్జీరియా వీరుడు అమీర్ అబ్దుల్ ఖాదిర్ తన అనుచరులతో వేలాది క్రైస్తవులకు ఆశ్రయమిచ్చి కాపాడాడు. ఆయన దేశాన్ని ఆక్రమించినది క్రైస్తవ ఫ్రాన్సు అన్న సంగతి ఆయన బాధ్యతకు అడ్డురాలేదు. ఆ తరువాత ఫ్రెంచి సైన్యం సహాయం పేరిట సిరియా తీరానికి చేరే నాటికి అసలైన రక్షణ జరిగిపోయింది.

పాశ్చాత్య చింతన ‘ఎవరు అనుమతించాలి’ అన్న ప్రశ్న వద్దనే ఎక్కువగా ఆగింది. ఇస్లాం ఆ ప్రశ్నతో పాటు ‘వచ్చినవాడు ఏమి తీసుకుపోతాడు, ఎప్పుడు వెళ్ళిపోతాడు’ అని కూడా అడుగుతుంది. సైన్యాలను పంపే నిర్ణయం నంద్యాలలోనో ఆళ్ళగడ్డలోనో ఉండే సాధారణ ముస్లిం చేతిలో లేదు. కాని పీడకుడు ఎవరైనా, పీడితుడు ఎవరైనా ఒకే కొలబద్దతో తూచడం అతని చేతిలోనే ఉన్నది. పక్కింటి తలుపు తట్టిన వాని మతం అడగకుండా తలుపు తీయడం కూడా అతని చేతిలోనే ఉన్నది. అన్నిసా సూరాలోని ఆయతు సైన్యాధిపతులను మాత్రమే సంబోధించలేదు.